తపతీ తీరాన అతిథుల నగరం – సూరత్

మహాభారతం ఆదిపర్వంలో సంవరణ మహారాజు వివాహమాడిన సూర్యపుత్రిక తపతి. ఆమె పేరు ధరించిన నదిని గుజరాత్ ప్రజలు ‘తాపీ’ అంటారు. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద జన్మించి అరేబియా సముద్రంలో సంగమించే ఈ నది ఒడ్డున, సాగరానికి చేరువలో వెలసిన నగరమే సూరత్.

పదహారవ శతాబ్ది ఆరంభంలో మలిక్ గోపీ అనే వర్తక ప్రముఖుడు ఈ రేవుకు జీవం పోశాడు. ఆయన త్రవ్వించిన గోపీ తలావ్ నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది. సిరితో పాటు ముప్పు కూడా వచ్చింది. 1530, 1531 సంవత్సరాలలో పోర్చుగీసువారు నగరాన్ని దగ్ధం చేశారు. అటువంటి దాడులను ఎదుర్కొనేందుకే 1540 దశకంలో ఖుదావంద్ ఖాన్ నదీతీరాన కోట నిర్మించాడు. 1573లో సూరత్ అక్బరు వశమైంది.

మొగలుల కాలంలో మక్కా యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. మన మచిలీపట్నంలో 1611లో వర్తకస్థానం నెలకొల్పిన ఆంగ్లేయులు, 1613లో ఇక్కడ అనుమతి పొందారు. ఫ్రెంచివారు 1668లో సూరత్‌లోను, మరుసటి ఏడు మచిలీపట్నంలోను అడుగుపెట్టారు. తూర్పు, పడమర తీరాలలోని ఈ రెండు రేవులూ అట్లు తోబుట్టువులైనాయి. హిందూ, జైన వర్తకులు, బోహ్రాలు, పారశీకులు, ఆర్మీనియన్లు, డచ్చివారు ఇరుగుపొరుగుగా జీవించారు. ఆంగ్లేయుల, డచ్చివారి, ఆర్మీనియన్ల సమాధులు ఇప్పటికీ అక్కడ కానవస్తాయి.

1664, 1670లలో శివాజీ దాడులు జరిగాయి. 1687లో ఈస్టిండియా కంపెనీ తన ముఖ్యస్థానాన్ని బొంబాయికి తరలించింది. 1994లో ప్లేగు, 2006 ఆగస్టులో తపతీ వరద నగరాన్ని కుదిపివేశాయి. ప్రతిసారీ సూరత్ తేరుకున్నది.

షాజహాన్ కాలంలో, 1644లో, యాత్రికుల బస కొరకు నిర్మించిన మొగల్ సరాయి అనంతర కాలంలో నగరపాలక సంస్థ కార్యాలయమైంది. అతిథుల విడిది నగర పాలనకు నిలయం కావడం ఎంత సముచితం!

తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికై తరలివెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో స్థిరపడ్డాయి. ఆ బిడ్డల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నెలకొల్పింది. పొట్టకూటికై పోయినచోట తల్లిభాషలో అక్షరాలు దిద్దుకొనే అవకాశం లభించడం చిన్న విషయం కాదు. ఉద్యోగరీత్యా ఊరు మారే మన కుటుంబాలకు దాని విలువ తెలియనిది కాదు. సూరత్ వెళ్లినప్పుడు కోటతో పాటు ఆ పేటలను కూడా దర్శించండి. ఆ నగర చరిత్రలో అవి మనవారు వ్రాస్తున్న అధ్యాయం.