ఎవరో, ఎవరూ, ఎవరైనా: జపనీస్‌లో ఎలా?

"నిచియోబి, దొకొక ఎ ఇకిమషిత క?" ఆదివారం ఎక్కడికైనా వెళ్లారా?

"ఈయె, దొకొ ఎ మొ ఇకిమసెన్ దెషిత." లేదు, ఎక్కడికీ వెళ్లలేదు.

జపనీస్ నేర్చుకునేవాళ్లకు తొలి పాఠాల్లోనే ఎదురయ్యే సంభాషణ ఇది. మన 'కి'లాంటి 'ఎ' ప్రశ్నలో 'దొకొక' తర్వాత వచ్చింది, జవాబులో 'దొకొ'కూ 'మొ'కూ మధ్య దూరింది. ఇంగ్లిషు వివరణలతో చదివే తెలుగువాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఈ చిక్కు విడదీయడానికి ఇంగ్లిషు కన్నా తెలుగే ఎక్కువ సాయపడుతుంది.

అపోహ: 'ననిమొ' అంటే 'నథింగ్'.

వాస్తవం: 'నని' అంటే ఏమి. 'వతషి' నేను, 'వతషి మొ' నేనూ. మన దీర్ఘం చేసే పనే 'మొ' చేస్తుంది: ఏమి–ఏమీ, నని–ననిమొ. లేదనే అర్థం మాత్రం క్రియ నుంచి రావాలి. "ననిమొ తబెమసెన్" అంటే ఏమీ తినను. "ననిమొ తబెమసు" అనడం "ఏమీ తింటాను" అన్నంత తప్పు.

అపోహ: 'దరెక' ఎవరో, 'దరెదెమొ' ఎవరైనా. అంతే తేడా.

వాస్తవం: "దరెక కిమషిత" అంటే ఎవరో వచ్చారు. కానీ "దరెక కిమషిత క?" అంటే ఎవరైనా వచ్చారా? ఈ ప్రశ్నలో 'దరెదెమొ' కుదరదు. 'ఎవరైనా చేయగలరు' అన్నట్టు, ఫలానావారే అని లేకుండా అందరికీ వర్తించేచోటే అది వాడతారు. దాని నిర్మాణం కూడా మనకు కొత్తేమీ కాదు: 'దెమొ'కు మూలార్థం 'అయినా'.

అపోహ: విభక్తి ఎప్పుడూ చివరే వస్తుంది.

వాస్తవం: 'క' ఉంటే విభక్తి దాని తర్వాత, 'మొ', 'దెమొ' ఉంటే వాటికి ముందు. దరె-ని-మొ, ఎవరి-కీ. దరె-తొ-మొ, ఎవరి-తోనూ. దరె-ని-దెమొ, ఎవరికి-ఐనా. ఇవన్నీ మన వరసలోనే ఉన్నాయి. దారి తప్పేది ఒక్కచోటే. 'ఎవరికో'లో మనం 'కి' ముందు పెట్టి 'ఓ' తర్వాత చేరుస్తాం, జపనీస్‌లో తిరగబడి 'దరెక-ని' అవుతుంది.

ఇంకో తేడా: కర్తను చూపే 'గ', కర్మను చూపే 'ఒ' ఈ వ్యతిరేక వాక్యాల్లో 'మొ' ముందు నిలవవు. అందుకే "దరెమొ మిమసెన్ దెషిత" అన్న మాటకు ఎవరూ చూడలేదనీ, ఎవరినీ చూడలేదనీ రెండర్థాలు. ఏదన్నది సందర్భాన్ని బట్టి తేలుతుంది.

అపోహ: 'మొ' చేరితే వాక్యం వ్యతిరేకమే.

వాస్తవం: 'ఇత్సు' ఎప్పుడు, 'ఇత్సుమొ' ఎప్పుడూ, అంటే ఎల్లవేళలా. 'దరెమొ గ' అంటే ప్రతి ఒక్కరూ. అయితే మన 'ఎప్పుడూ' రెండు వైపులా పనిచేస్తుంది: ఎప్పుడూ నవ్వుతుంది, ఎప్పుడూ వెళ్లలేదు. రెండో వాక్యానికి 'ఇత్సుమొ' సరిపోదు. అక్కడ జపనీయులు "ఇచిదొ మొ ఇత్త కొతొ గ నై" అంటారు. 'ఇచిదొ' ఒకసారి, 'ఇచిదొ మొ' ఒక్కసారీ.