కొండలే గోడలైన దీవి



ప్రపంచ పటములో హవాయి దీవులను వెదకాలంటే పసిఫిక్ మహాసముద్రము నడిమధ్యన వేలు పెట్టాలి. అక్కడ వరుసగా ఉన్న ఎనిమిది ముఖ్యమైన దీవులలో పరిమాణములో ఐదవది మోలోకాయ్. పొడవు సుమారు 61 కిలోమీటర్లు, వెడల్పు 16 కిలోమీటర్లు. అమెరికా దేశములో భాగమే అయినా ఈ దీవిలో పెద్ద భవనాలు లేవు, ఒక్క ట్రాఫిక్ లైటు కూడా లేదు. జనాభా సుమారు ఏడు వేలు. మన వైపు ఒక పెద్ద ఊరి జనమంత! హోనొలులు నగరము నుండి చిన్న విమానము ఎక్కితే అరగంటలో దిగవచ్చు. ఈ నెల మనము ఈ దీవిని ఒకసారి చుట్టివద్దాము.

తీరము వెంట

దక్షిణపు ఒడ్డున కౌనకకై అనే చిన్న పట్టణము ఉంది. దాని పక్కనే ఒక కొబ్బరితోట. 1860 ప్రాంతములో ఐదవ కమేహమేహ రాజు కోసము వేయి చెట్లు నాటించారట. అప్పట్లో హవాయి స్వతంత్ర రాజ్యము. ఈ రాజు పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఇదే ఒడ్డున పూర్వీకులు సముద్రములోనికి రాతిగట్లు కట్టి చేపలు పెంచిన చెరువులు వరుసగా కనిపిస్తాయి. ఇంకా తూర్పుకు పోతే కలువాఆహా అనే చోట పాత రాతి మందిరము. 1832లో ఇక్కడికి వచ్చిన ప్రొటెస్టెంటు మిషనరీ హార్వీ హిచ్‌కాక్ కాలములో, 1844లో దానిని కట్టారు.

బాట చివర హలావా లోయ. రెండు పక్కలా పచ్చని కొండలు, లోపల సుమారు 250 అడుగుల ఎత్తునుండి దూకే జలపాతము. ఈ లోయ పంట ఏమిటనుకుంటున్నారు? మన పెరళ్ళలో పెరిగే చేమదుంపే! దానిని ఉడికించి, దంచి, ముద్దగా చేసుకొని తింటారు. వారికి మన అన్నము వంటిది అది. 1946 ఏప్రిల్ 1న వచ్చిన సునామీ ఈ మడులను ఉప్పునీటితో ముంచేసింది. చాలా కుటుంబాలు లోయ విడిచి వెళ్ళిపోయాయి.

ఉత్తరపు కొండ అంచున

ఈ దీవికి వచ్చినవారు తప్పక చూడాలనుకునేది ఉత్తర తీరము. అక్కడ నేల ఒక్కసారిగా తెగిపోయి నిలువునా సముద్రములోనికి దిగుతుంది. కొన్నిచోట్ల ఆ ఎత్తు మూడువేల అడుగులు దాటుతుంది. ప్రపంచములోని అతి ఎత్తైన సముద్రపు కొండచరియలలో ఇవి లెక్కకు వస్తాయి. పూర్వము దీవిలో సగభాగము విరిగి కడలిలో పడిపోయిందనీ, మిగిలిన అంచే ఈ గోడ అనీ శాస్త్రజ్ఞులు చెబుతారు.

పాలాఆవు అనే చోట కొండ అంచున నిలబడి క్రిందికి చూస్తే, నీలిసముద్రములోనికి నాలుకలా చొచ్చుకుపోయిన చదునైన నేల కనిపిస్తుంది. దాని పేరు కలౌపాప. వారి భాషలో పరచిన ఆకు వంటి నేల అని అర్థము. మూడు పక్కల సముద్రము, నాలుగో పక్క నిలువు కొండ. క్రిందికి దిగాలంటే 26 మలుపుల సన్నని కాలిబాట. చూపరులకు ఇంత అందమైన చోటు అరుదు. అయితే ఒకనాటి ప్రభుత్వము ఈ చోటును అందము చూచి ఎంచుకోలేదు. ఎవ్వరూ తప్పించుకొని పోలేరని ఎంచుకున్నది.

వెలి

1865లో కొబ్బరితోట రాజుగారే ఒక చట్టము మీద సంతకము చేశారు. కుష్ఠు సోకినవారిని పట్టి, వేరుచేసి ఉంచాలని ఆ చట్టము. 1866 జనవరి 6న తొలి గుంపును ఓడలో తెచ్చి ఇక్కడ దింపారు. తొమ్మిదిమంది పురుషులు, ముగ్గురు స్త్రీలు. ఆనాడు ఈ రోగానికి మందు లేదు. ఆ తరువాత వంద యేండ్లకు పైగా, 1969లో ఆ నిర్బంధము రద్దయ్యేవరకు, సుమారు ఎనిమిది వేలమందిని ఇక్కడికి పంపారు. వారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఇక్కడ పుట్టిన బిడ్డలను తల్లి ఒడిలో ఉండనివ్వక వేరుచేసి తీసుకుపోయేవారు. చూడవచ్చిన బంధువులు మధ్యలో అడ్డముగా తీగెల తెర పెట్టుకొని మాట్లాడవలసి వచ్చేది.

ఆ తొలి సంవత్సరమే, డిసెంబరులో, రోగులలో 35 మంది కలిసి తమకొక సంఘము ఏర్పరచుకున్నారు. ఇల్లు పోయింది, ఊరు పోయింది, ప్రార్థన పోలేదు. 1871లో వారి మందిరము ప్రతిష్ఠ జరిగింది. దానికి వారు పెట్టుకున్న పేరు సిలోవామా, అంటే మన బైబిలులోని సిలోయము. గ్రుడ్డివాడు కడుగుకొని చూపు పొందిన కోనేటి పేరు. తరువాత కట్టిన మరో మందిరము పేరు కనానా హోవు, అంటే క్రొత్త కనాను. వెళ్ళగొట్టబడి వచ్చిన చోటికి వాగ్దాన దేశము పేరు పెట్టుకున్న ఆ విశ్వాసము ఎటువంటిదో ఆలోచించండి.

గోడ దాటినవారు

1873 మే 10న బెల్జియము దేశస్థుడైన ఫాదర్ దామియాను ఇక్కడికి వచ్చారు. ఆయన రోమన్ కథోలిక గురువు. ఆయన సంఘాచారము వేరు, మనది వేరు. అయినా ఆయన చేసిన పరిచర్య ముందు తల వంచనివారు ఉండరు. రోగుల పుండ్లు కట్టారు, ఇండ్లు కట్టారు, మంచినీటి గొట్టాలు వేయించారు, శవపేటికలు చేశారు, సమాధులు త్రవ్వారు. చివరకు ఆ రోగమే తనకూ సోకి, 1889 ఏప్రిల్ 15న 49వ యేట కన్నుమూశారు. 1888లో ఇక్కడికి వచ్చిన మరియన్ కోప్ అనే సిస్టరు 1918లో మరణించేవరకు ఇక్కడి స్త్రీలకు, బాలికలకు తల్లిలా ఉన్నారు.

వీరి పేర్లు లోకమంతా తెలుసు. పేరు తెలియనివారు మరికొందరు ఉన్నారు. తమ ఒంటి మీద ఏ రోగమూ లేకపోయినా భర్త వెంట వచ్చిన భార్యలు, భార్య వెంట వచ్చిన భర్తలు, బిడ్డను వదలలేక వచ్చిన తల్లులు. వీరిని కోకువా అని పిలిచేవారు, అంటే సహాయకులు. దామియాను రాకముందే వీరు ఇక్కడ వంట చేశారు, గాయాలు కడిగారు. రాజు కట్టిన గోడను మొదట దాటింది ఈ ఇంటి ప్రేమే.

మందు వచ్చింది, మాట పోలేదు

దామియాను దీవిలో అడుగుపెట్టిన 1873లోనే నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ రోగానికి కారణమైన క్రిమిని కనుగొన్నారు. అది శాపమూ కాదు, వంశమునుబట్టి వచ్చేదీ కాదని తేలింది. చాల్‌మూగ్రా గింజల నూనె ఒక్కటే అప్పటి మందు. 1915లో హవాయి కళాశాలలో ఆలిస్ బాల్ అనే ఇరవైమూడేళ్ళ నల్లజాతి యువతి ఆ నూనెను సూదిమందుగా ఇవ్వగల మార్గము కనిపెట్టారు. మరుసటి సంవత్సరమే ఆమె మరణించారు. ఇటు మన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానిగారు రోగులకు వైద్యము చేసింది కూడా ఆ జాతి గింజల నూనెతోనే.

1946లో కలౌపాపకు సల్ఫోను మందులు వచ్చాయి, రోగము నయమవడము మొదలయింది. 1969లో వెళ్ళిపోవడానికి స్వేచ్ఛ వచ్చాక కూడా అనేకులు అక్కడే ఉండిపోయారు. పుట్టిన ఊరిలో వారిని ఎరిగినవారు లేరు. జైలుగా పెట్టిన చోటే ఇల్లయింది. 1980లో అమెరికా ప్రభుత్వము ఆ చోటును జాతీయ చారిత్రక ఉద్యానవనముగా చేసింది. అక్కడ కన్నుమూసిన వేలమందిలో చాలామంది సమాధుల మీద పేరు లేదు. వారి జ్ఞాపకార్థము స్మారకము నిలపడానికి అనుమతిస్తూ 2009లో చట్టము చేశారు.

ఆ దీవికి మనలో ఎందరము వెళ్ళగలము? కాని అటువంటి గోడ మన ఊళ్ళలో కూడా లేదా? 1869 నాటి విడాకుల చట్టము మన దేశములో క్రైస్తవ వివాహాలకు వర్తిస్తుంది. ఆ చట్టములో కుష్ఠు కూడా విడాకులకు ఒక కారణముగా ఉండేది. 2019లో గాని పార్లమెంటు దానిని తొలగించలేదు. కాగితము మీద మాట పోయింది, నోటిమీద మాట ఇంకా ఉంది. పెండ్లి సంబంధాల దగ్గర, ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర, బావి గట్టు మీద ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది.

ఒంటి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చగాని, ఎర్రని మచ్చగాని ఉంటే దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మందు ఉచితము. రోగాన్ని బట్టి ఆరు నెలలు, లేదా పన్నెండు నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యము చేస్తేనే చేతులు, కాళ్ళు, కండ్లు దెబ్బతింటాయి. మందు మొదలుపెట్టాక ఆ మనిషి నుండి ఇతరులకు అంటుతుందనే భయము అక్కరలేదు.

మన ప్రభువు కుష్ఠురోగిని దూరమునుండి మాటతోనే బాగుచేయగలిగి యుండి కూడా చెయ్యి చాపి ముట్టాడు. సంఘములో ఎవరికైనా ఈ రోగము వచ్చిందని తెలిస్తే, వారితో ఆసుపత్రికి తోడుగా వెళ్ళండి. ఆదివారము వారి పక్కన కూర్చోండి. వారి ఇంట ఒక ముద్ద తినండి. కోకువాలు కావడానికి ఓడ ఎక్కనక్కరలేదు, పక్కింటి గడప దాటితే చాలు.