గోదావరి డెల్టాలో పన్ను ఎగవేసిన ఇంధనం: యానాం సరిహద్దు నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

గోదావరి డెల్టా నడుమ ఉన్న యానాం పరిపాలనపరంగా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. పెట్రోలు, డీజిలుపై అక్కడి విలువ ఆధారిత పన్ను ఆంధ్రప్రదేశ్ పన్ను కంటె తక్కువ. ఈ తేడా వల్ల యానాం ఇంధనం రాష్ట్ర రహదారులపైకి వస్తోంది. అందులో ఏది చట్టబద్ధం, ఏది అక్రమం, ఆ రెండింటినీ వేరు చేయడం ఎందుకు కష్టం, దాని భారం ఎవరిపై పడుతోంది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: యానాం, విలువ ఆధారిత పన్ను, డీజిలు, గోదావరి డెల్టా, సుంకం ఎగవేత, రాయితీ ఇంధనం.

1. ఉపోద్ఘాతం

పాలనా సరిహద్దు ఉన్నచోట ధరలో తేడా ఉంటే సరుకు చౌకవైపు నుండి ప్రియమైన వైపుకు ప్రవహిస్తుంది. సుంకం ఎంత పాతదో, సుంకం తప్పించుకునే దారులూ అంత పాతవి. మోటుపల్లి రేవులో వర్తకుల నుండి తీసుకోవలసిన సుంకాలను కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దిలోనే శాసనబద్ధం చేశాడు. నేటి గోదావరి డెల్టాలో ఇదే సమస్య ఇంధనం రూపంలో కనిపిస్తుంది. అయితే ఇతర సరుకులకు లేని ఒక చిక్కు ఇంధనానికి ఉంది. ఒకసారి వాహనపు ట్యాంకులో పడిన డీజిలు ఏ ప్రభుత్వానికి పన్ను చెల్లించి వచ్చిందో చూసి చెప్పడం సాధ్యం కాదు.

2. యానాం: చారిత్రక నేపథ్యం

సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాం గౌతమీ తీరాన ఉంది. 1954లో ఫ్రెంచి పాలన నుండి బయటపడి భారతదేశంలో కలిసింది. 1962లో ఆ విలీనానికి పూర్తి న్యాయబద్ధత లభించింది. భాష, బంధుత్వం, వ్యవసాయం అన్నీ చుట్టూ ఉన్న కాకినాడ, కోనసీమలతోనే ముడిపడి ఉన్నా, చట్టం మాత్రం వేరుగా ఉండటం ఈ ఊరి చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చినప్పుడు, అది వర్తించని యానాంకు పెళ్ళిబృందాలు తరలివెళ్ళేవి. నాడు చట్టం దాటడానికి పనికివచ్చిన సరిహద్దు నేడు పన్ను దాటడానికి పనికివస్తోంది. 216వ నంబరు జాతీయ రహదారి యానాం మీదుగా సాగుతుంది. యానాం, ఎదుర్లంకల మధ్య 2002లో వంతెన ఏర్పడిన తరువాత కాకినాడ, అమలాపురాల మధ్య తిరిగే వాహనాలకు యానాం దారిలోని ఊరే అయింది.

3. ధరలో తేడాకు కారణం

2017 జూలై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చినా పెట్రోలు, డీజిలు దాని పరిధిలోకి రాలేదు. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం ఈ విషయాన్ని చర్చించి, అందుకు ఇది తగిన సమయం కాదని తీర్మానించింది. అందువల్ల కేంద్ర ఎక్సైజు సుంకం దేశమంతటా ఒకటే అయినా, దానిపై విధించే వ్యాట్ రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో డీజిలుపై 22.25 శాతం వ్యాట్, లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రహదారి అభివృద్ధి సెస్ ఉన్నాయి. పెట్రోలుపై వ్యాట్ 31 శాతం. అదనపు వ్యాట్, సెస్ డీజిలుతో సమానమే. పుదుచ్చేరి ప్రభుత్వం 2025 జనవరిలో పన్ను పెంచిన తరువాత కూడా యానాంలో డీజిలుపై వ్యాట్ సుమారు 11.5 శాతం, పెట్రోలుపై సుమారు 17.7 శాతం మాత్రమే.

ఉదాహరణకు వ్యాట్‌కు ముందు డీజిలు ధర లీటరుకు 75 రూపాయలు అనుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దానిపై పడే రాష్ట్ర పన్నులు దాదాపు 21.70 రూపాయలు, యానాంలో దాదాపు 8.60 రూపాయలు. లీటరుకు తేడా 13 రూపాయలు. 200 లీటర్ల పీపా ఒకటి సరిహద్దు దాటితే 2,600 రూపాయల తేడా మిగులుతుంది. అక్రమ వ్యాపారానికి మూలం ఈ మిగులే.

4. చట్టం గీసిన గీత

యానాంలో బండి ట్యాంకు నింపుకొని అమలాపురం వెళ్ళడం నేరం కాదు. అక్కడ జరిగిన అమ్మకానికి అక్కడి పన్ను చెల్లింది. వాహనపు ట్యాంకులోని ఇంధనానికి 1934 నాటి పెట్రోలియం చట్టం లైసెన్సు కోరదు. అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్లకు మించకపోతే, డీజిలు ఒకచోట 2,500 లీటర్లకు మించకపోతే, పాత్ర పరిమాణానికి సంబంధించిన షరతుకు లోబడి, నిల్వకు కూడా లైసెన్సు అవసరం లేదు.

అదే డీజిలును పీపాలలో తెచ్చి రాష్ట్రంలో అమ్మితే పరిస్థితి మారుతుంది. ఆంధ్రప్రదేశ్ వ్యాట్ చట్టం, 2005 ప్రకారం రాష్ట్రంలో జరిగే తొలి అమ్మకం వద్ద ఇంధనంపై పన్ను చెల్లించాలి. చమురు సంస్థ నియమించిన డీలరు కాని వ్యక్తి అమ్మడం నిత్యావసర వస్తువుల చట్టం కింద 2005లో వెలువడిన పెట్రోలు, డీజిలు నియంత్రణ ఉత్తర్వుకు విరుద్ధం. అంటే నేరం ఇంధనంలో లేదు, అది నడిచిన దారిలోనూ చేతులు మారిన తీరులోనూ ఉంది.

5. గుర్తించడంలోని చిక్కు

బ్రిటన్‌లో రాయితీ డీజిలుకు ఎర్ర రంగు కలుపుతారు. రహదారి వాహనపు ట్యాంకులో ఆ రంగు కనిపిస్తే అదే సాక్ష్యం. మన దేశంలో చౌకదుకాణాల కిరోసిన్‌కు నీలి రంగు కలపడం ఇటువంటి ఏర్పాటే. కిరోసిన్ సాంద్రత డీజిలు కంటె తక్కువ కనుక కల్తీని సాంద్రత పరీక్షతో కొంతవరకు పట్టుకోవచ్చు. యానాం డీజిలుకు రంగు లేదు, సాంద్రతలో తేడా లేదు. అది అవే చమురు సంస్థల సరుకు, అదే బీఎస్-6 ప్రమాణం. జీఎస్టీ ఈ-వే బిల్లు పెట్రోలు, డీజిలుకు వర్తించదు. కాబట్టి మిగిలే సాక్ష్యం బిల్లు, పీపా, అమ్మకం జరిగిన స్థలం మాత్రమే.

వేట పడవలకు ఇచ్చే రాయితీ డీజిలుది ఇదే చిక్కు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో ఆ రాయితీని లీటరుకు 6.03 రూపాయల నుండి 9 రూపాయలకు పెంచింది. ఆ డీజిలు పడవలో మండితే రాయితీ, లారీలో మండితే దుర్వినియోగం. డబ్బాలతో రేవుకు ఇంధనం మోసుకుపోయే మత్స్యకారుడు, సరిహద్దు దాటించే దళారి పైకి ఒకేలా కనిపిస్తారు. చేతిలోని డబ్బాను మాత్రమే చూసే తనిఖీ మొదట పట్టుకునేది మత్స్యకారుణ్ణే.

6. భారం ఎవరిపై?

రహదారి సెస్ చెల్లించని వాహనం కూడా అదే రహదారిని అరగదీస్తుంది. దాని మరమ్మతు ఖర్చు పన్ను చెల్లించిన వారిపై పడుతుంది. సరిహద్దుకు ఇవతల ఉన్న బంకు యజమాని తన చేతిలో లేని పన్ను వల్ల కొనుగోలుదారులను కోల్పోతాడు. బిల్లు లేకుండా కొన్నవాడు కల్తీ జరిగి ఇంజను పాడైనా ఫిర్యాదు చేయలేడు. ఇళ్ళ మధ్య పీపాలలో పెట్రోలు దాచితే అగ్నిప్రమాదపు ముప్పు ఆ ఇంటితో ఆగదు.

7. ముగింపు

ఈ సమస్యలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. చౌకగా దొరికినచోట కొనుక్కోవడం పౌరుని హక్కు, పన్ను ఎగవేసి తిరిగి అమ్మడం నేరం. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే సామాన్య వాహనదారుడు అనుమానితుడవుతాడు, వ్యాపారి జనంలో కలిసిపోతాడు. తనిఖీలు ట్యాంకులపై కాక పీపాల అమ్మకంపైనా, పెద్ద పరిమాణంలో ఇంధనం ఇచ్చే బంకుల బిల్లులపైనా నిలిస్తే ఈ గీత స్పష్టమవుతుంది. అయినా లీటరుకు 13 రూపాయల తేడా ఉన్నంతకాలం తనిఖీ ఆ ప్రవాహాన్ని తగ్గించగలదే గాని ఆపలేదు. శాశ్వత పరిష్కారం రెండు ప్రభుత్వాల పన్ను రేట్లు దగ్గరపడటంలోనో, ఇంధనం జీఎస్టీ పరిధిలోకి రావడంలోనో ఉంది.