కూల్‌... ఈ మాట వెనక ఎంత కథో!

కొత్త ఫోను కూల్‌. చిరుగుల జీన్సు కూల్‌. సాయంత్రం సినిమాకు వెళ్దామంటే వచ్చే జవాబూ కూలే. మన ఇళ్లల్లో పదేళ్ల పిల్లల నోట కూడా వినిపించే ఈ మాటకు ఇప్పుడు ‘ఫ్యాషన్‌లో ఉన్నది’ అని అర్థం. దాన్ని లోకానికి ఇచ్చినవాళ్లు మాత్రం ఫ్యాషన్‌ వెంట పడినవాళ్లు కాదు. అడుగడుగునా అవమానాలు ఎదురవుతున్నా తల వంచని అమెరికా నల్లజాతి కళాకారులు.

ఒక్క మాట... మూడు పనులు

వస్తువునో మనిషినో మెచ్చుకోవాలంటే ‘దట్స్‌ కూల్‌’ అంటారు. ‘అయామ్‌ కూల్‌ విత్‌ దట్‌’ అంటే నాకేం అభ్యంతరం లేదని. ‘కీప్‌ కూల్‌’ అంటే ఆవేశపడకు, నిదానించు అని. మెచ్చుకోలూ ఒప్పుకోలూ స్నేహితుల మధ్య చెల్లుతాయి గానీ ఉద్యోగ దరఖాస్తులో నప్పవు. మరో సంగతి... ఈ కితాబు ఎదుటివాళ్లు ఇవ్వాల్సిందే. ‘నేను చాలా కూల్‌’ అని ఎవరికి వాళ్లు చెప్పుకుంటే నలుగురూ నవ్వుతారు.

ట్రెండ్‌ని చెప్పే యాస మాటలకు సాధారణంగా ఆయుష్షు తక్కువ. ఒకప్పుడు కుర్రకారు వాడిన ‘హెప్‌’ ఎప్పుడో మూలపడింది. 1960ల్లో ఊపేసిన ‘గ్రూవీ’ ఇప్పుడు పాతకాలపు మాట. కూల్‌ అలా కాదు. నల్లజాతి రచయిత్రి జోరా నీల్‌ హర్‌స్టన్‌ 1933లో ప్రచురించిన ‘ద గిల్డెడ్‌ సిక్స్‌-బిట్స్‌’ కథలోనే అది మెచ్చుకోలు మాటగా కనిపిస్తుంది. తొంభై ఏళ్లు దాటినా దాని జోరు తగ్గలేదు.

లెస్టర్‌ యంగ్‌ దారే వేరు

ఈ మాటకు ప్రాణం పోసినవాడిగా చాలామంది జాజ్‌ చరిత్రకారులు చెప్పే పేరు లెస్టర్‌ యంగ్‌. 1909లో మిసిసిపీలో పుట్టిన సాక్సోఫోన్‌ విద్వాంసుడు. 1934లో ఫ్లెచర్‌ హెండర్సన్‌ బృందంలో కోల్‌మన్‌ హాకిన్స్‌ స్థానంలో చేరాడు. హాకిన్స్‌ది గంభీరమైన, బరువైన నాదం. అప్పట్లో సాక్సోఫోన్‌ అంటే అదే. యంగ్‌ది తేలికైన, తొణకని నాదం. అది తోటివాళ్లకు నచ్చలేదు. హెండర్సన్‌ భార్య లియోరా హాకిన్స్‌ రికార్డులు పెట్టి మరీ ‘ఇలా వాయించు’ అని నేర్పబోయింది. యంగ్‌ వినయంగా విన్నాడు, తన బాణీ మాత్రం మార్చుకోలేదు. కొన్నాళ్లకే ఆ బృందాన్ని వదిలేశాడు. తర్వాత కౌంట్‌ బేసీ బృందంలో అదే నాదంతో ఓ తరాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

ఆ రోజుల్లో తెల్లవాళ్ల ముందు నల్లజాతి కళాకారుడు పళ్లికిలిస్తూ వినోదం పంచాలి. యంగ్‌ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, సాక్సోఫోన్‌ని పక్కకు ఎత్తిపట్టి, ముఖంలో ఏ భావమూ కనిపించనీయకుండా వాయించేవాడు. కోపం బయటపెడితే ప్రాణానికే ముప్పు. నవ్వుతూ పడుంటే మనసు ఒప్పుకోదు. ఆ రెంటి మధ్య ఆత్మగౌరవం వెతుక్కున్న చోటు పేరే కూల్‌.

అది ఎంత అవసరమో జాజ్‌ ట్రంపెట్‌ విద్వాంసుడు మైల్స్‌ డేవిస్‌ అనుభవం చెబుతుంది. 1949, 50ల్లో ఆయన చేసిన రికార్డింగులు 1957లో ‘బర్త్‌ ఆఫ్‌ ద కూల్‌’ ఆల్బమ్‌గా వచ్చాయి. 1959 ఆగస్టులో ఆయన మరో ఆల్బమ్‌ ‘కైండ్‌ ఆఫ్‌ బ్లూ’ విడుదలైంది. అదే నెల 25న న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్‌ క్లబ్బులో కచేరీ విరామంలో డేవిస్‌ బయటికొచ్చి నిలబడ్డాడు. కదలమన్నాడో పోలీసు. ‘నేనిక్కడే వాయిస్తున్నా’నంటూ డేవిస్‌ తన పేరున్న బోర్డు చూపించాడు. అయినా తల పగిలేలా కొట్టి అరెస్టు చేశారు. ఆయనపై పెట్టిన కేసులేవీ తర్వాత నిలబడలేదు.

నల్ల కళ్లద్దాల ఒంటె

ఆ గౌరవం మీద వ్యాపారుల కన్ను పడింది. 1988లో ఓ అమెరికా సిగరెట్‌ కంపెనీ నల్ల కళ్లద్దాలు పెట్టిన ‘జో కేమెల్‌’ అనే ఒంటె బొమ్మతో ప్రకటనలు మొదలుపెట్టింది. డిస్నీ ఛానల్‌ గుర్తును పోల్చుకున్నంత బాగా ఆరేళ్ల పిల్లలు ఆ ఒంటెను పోల్చుకుంటున్నారని 1991లో ఓ అధ్యయనం తేల్చింది. విమర్శలూ దావాలూ ముదిరాక 1997లో ఆ ఒంటెను ఉపసంహరించుకున్నారు. పేద పేటల కుర్రాళ్లు ఏం తొడుగుతున్నారో చూసొచ్చి కంపెనీలకు చెప్పే ‘కూల్‌హంట్‌’ గురించి రచయిత మాల్కమ్‌ గ్లాడ్‌వెల్‌ న్యూయార్కర్‌ పత్రికలో రాసిందీ ఆ ఏడాదే. అనుకరించనన్న మనిషి నుంచి పుట్టిన మాట, అందరిచేతా ఒకే బూట్లు కొనిపించే మాటగా మారడం బాధాకరం.

పాత అర్థం పూర్తిగా పోలేదు, మనకూ అది తెలుసు. ధోనీని ‘కెప్టెన్‌ కూల్‌’ అన్నది ఆయన వేసుకున్న బట్టల్ని చూసి కాదు, ఆఖరి ఓవర్లోనూ చెదరని నిబ్బరాన్ని చూసి.

అందుకే మీ పిల్లలు ‘ఆ బూట్లుంటేనే కూల్‌’ అని మారాం చేస్తే కసురుకోకండి. లెస్టర్‌ యంగ్‌ 1939లో వాయించిన ‘లెస్టర్‌ లీప్స్‌ ఇన్‌’ ఒక్కసారి వినిపించి, ఆయన కథ చెప్పండి. పదిమందిలా ఉండటానికి డబ్బు చాలు, తనలా తాను ఉండటానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యమే కూల్‌ అని వాళ్లకు తెలియాలి.