వార్తల్లో పదం: రిజైన్

రాజుకు చెక్‌మేట్ పడకముందే ఓటమి ఒప్పుకోవడమే చదరంగంలో ‘రిజైన్’. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) నియమాల ప్రకారం ఆ మాటతో ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. 2025 జులై 28న జార్జియాలోని బతూమిలో, మహిళల ప్రపంచ కప్ ఫైనల్ టైబ్రేక్‌లో మన కోనేరు హంపి ఇలాగే దివ్యా దేశ్‌ముఖ్‌కు విజయం అప్పగించారు.

తొందరపడితే నష్టమే. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్‌తో రెండో గేమ్‌లో చదరంగ దిగ్గజం కాస్పరోవ్ రిజైన్ చేశారు. వరస చెక్‌లతో డ్రా చేసుకునే దారి ఉందని తర్వాత తేలింది.

ఆటలాడే కంప్యూటర్ ప్రోగ్రాములకైతే గెలుపు అవకాశంపై ఒక హద్దు పెడతారు; అంతకన్నా తగ్గితే అవి రిజైన్ చేస్తాయి. గో ఆట నేర్చిన ఆల్ఫాగో జీరో శిక్షణలో 10 శాతం ఆటలను రిజైన్ లేకుండా చివరిదాకా ఆడించి, ఆ హద్దు సరైనదేనా అని సరిచూశారు.

అనంతపురంలో పావులు పట్టే పిల్లలూ, వరస చెక్‌లతో, స్టేల్‌మేట్‌తో డ్రా చేసుకునే దారులన్నీ వెతికాకే ఓటమి ఒప్పుకుంటూ చేయి చాపండి.