గూళ్ల బండి టాంకులో తుప్పు

శిడ్లఘట్ట మార్కెట్టుకు గూళ్లు మోసేది మాలో చాలామందికి పాత మోపెడ్డే. అది దారిలో ఆగితే మూటలో గూళ్లు వేడెక్కి మెత్తబడతాయి, వేలంలో ధర పడిపోతుంది.

పురుగు మేపే రోజుల్లో బండి తిరిగేది తక్కువ. సగం ఖాళీగా ఉన్న టాంకులో గాలిలోని తేమ నీరై, తుప్పు పడుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను ఇంకా లాగుతుంది. తుప్పు పొడి పోయి కార్బరేటర్ జెట్టులో అడ్డుపడుతుంది.

మేం చేసేది ఇదీ: టాంకు విప్పి, పెట్రోలంతా వంచేసి, కాక్ తీసి రంధ్రం మూస్తాం. వాసన పోయేదాకా ఆరబెట్టి, వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచుతాం. గుప్పెడు నట్లు వేసి బాగా కుదుపుతాం. నట్లు లెక్కపెట్టి తీసి, వంటసోడా నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో కడిగి, వెంటనే ఎండబెడతాం. చివర కొంచెం పెట్రోలుతో తొలిచి పారేస్తాం. పైపుకు కొత్త ఫిల్టరు వేస్తాం, దాని బాణం గుర్తు కార్బరేటర్ వైపుండాల. చిల్లి పడిన టాంకయితే మార్చాల్సిందే.

ఈ పని పురుగులింటికి, పొయ్యికి దూరంగా చేయండి. పెట్రోలు చేతులతో ఆకు ముట్టొద్దు. పంట విప్పే ముందురోజే బండి నడిపి చూసుకోండి.