స్టీల్ గిటార్ ఆంప్ స్వరం బాగుపడాలంటే: ముందు ప్లగ్, తర్వాత స్పీకర్, ఆఖరికే కండెన్సర్లు

మార్కెట్లోకి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ మెడలో వేసుకుని వాయించేది కాదు. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే హవాయి తరహా స్టీల్ గిటార్. 1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బ్యాకర్ సంస్థ తెచ్చిన ఆ వాయిద్యాన్ని ఆకారం చూసి అందరూ 'పెనం' అనేవారు. మనకూ ఇది కొత్త కాదు. హవాయి సంగీతం వాయించే టావ్ మో కుటుంబం 1940లలో కలకత్తాలో ఉంది. బెంగాల్‌లో రవీంద్ర సంగీతాన్నీ, సినిమా పాటలనూ ఈ గిటార్ మీద రికార్డు చేసి అమ్మేవారు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాన్ని హిందుస్తానీ కచేరీకి తెచ్చారు. ఆ దారిలోనే వచ్చిన విశ్వమోహన్ భట్‌కు 1994లో గ్రామీ దక్కింది.

అయితే పాత వాల్వ్ ఆంప్ ఒకటి సంపాదించి దానికి స్టీల్ గిటార్ తగిలించినవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: పై తీగలు చెవిలో గుచ్చుకుంటున్నాయి, కింది తీగలు గుభగుభలాడుతున్నాయి. ఇంటర్నెట్‌లో వెతికితే ఫలానా కండెన్సర్ మార్చండి, ఫలానా రెసిస్టర్ తీసేయండి అని వంద సలహాలు దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లే ముందు చూడాల్సింది వేరే ఉంది.

రెండు చేతుల్లోనూ లోహమే

స్టీల్ గిటారిస్టు ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ. కుడి చేతి వేళ్లకు చాలామంది లోహపు పిక్‌లు తొడుక్కుంటారు. ఆ రెండూ తీగలను తాకుతూ ఉంటాయి. తీగలు కేబుల్ ద్వారా ఆంప్ చాసిస్‌కు కలిసి ఉంటాయి. అంటే చాసిస్‌లోకి కరెంటు వస్తే అది నేరుగా మనిషికే.

1960ల నాటి అమెరికన్ ఆంప్‌లలో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉండేది. హమ్ తగ్గించడానికి కరెంటు లైనుకూ చాసిస్‌కూ మధ్య ఒక చిన్న కండెన్సర్ పెట్టేవారు. అది షార్ట్ అయితే చాసిస్ మొత్తం లైవ్ అవుతుంది. అందుకే మెకానిక్‌లు దానికి 'డెత్ క్యాప్' అని పేరు పెట్టారు. ఎదుట ఎర్త్ అయిన మైకు ఉండి, పెదవి దానికి తగిలితే చాలు. కాబట్టి మొదటి మార్పు స్వరం కోసం కాదు. ఆ కండెన్సర్ తీసేసి, మూడు పిన్నుల ప్లగ్ వేసి, ఎర్త్ వైరును చాసిస్‌కు గట్టిగా బిగించాలి. గోడలోని మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో కూడా చూడాలి. మన ఇళ్లలో, ఫంక్షన్ హాళ్లలో అది ఉత్త రంధ్రమే అయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

అమెరికా ఆంప్‌కు మన 230 వోల్టులు పెట్టకూడదని అందరికీ తెలుసు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అది వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. గంట వాయించాక చెయ్యి పెట్టి చూసుకోవడం మంచిది.

స్వరం ఎక్కడ పాడవుతోంది?

స్టీల్ గిటారిస్టు వాల్యూమ్ పెడల్‌ను సగమే తొక్కి తీగ మీటుతాడు. నాదం తగ్గుతున్నకొద్దీ పెడల్ నొక్కుతూ దాన్ని నిలబెడతాడు. అందుకే ఆంప్‌లో చాలా శక్తి మిగులు ఉండాలి, త్వరగా పగిలిపోకూడదు. 85 వాట్ల ఫెండర్ ట్విన్ రివర్బ్ ఈ వాయిద్యకారులకు నచ్చడానికి కారణం ఇదే. రాక్ గిటారిస్టుకు ముద్దొచ్చే 'గరగర' ఇక్కడ పనికిరాదు.

విప్పకుండానే చేయగల పనులు రెండున్నాయి. ఆంప్ మీద 'బ్రైట్' స్విచ్ ఉంటే ఆపేయండి. వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు అది హైస్‌ను మాత్రమే దాటవేసి పంపుతుంది. పై తీగలు గుచ్చుకోవడంలో సగం దాని పుణ్యమే. ఇక దీనికి పూర్తి విరుద్ధమైన ఫిర్యాదు, అంటే స్వరం మసకబారడం ఉంటే, తప్పు తరచూ ఆంప్‌ది కాదు, పొడవాటి కేబుల్‌దీ పెడల్‌దీ. గిటార్‌కూ పెడల్‌కూ మధ్య ఒక చిన్న బఫర్ పెడితే పోతుంది.

తర్వాత స్పీకర్. నా దృష్టిలో డబ్బు పెట్టదగ్గ మార్పు ఇదొక్కటే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అదే 3 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్ వేస్తే ఆంప్‌ను ముట్టకుండానే అంత ఫలితం వస్తుంది. ట్విన్‌లో ఉండే రెండు 12 అంగుళాల స్పీకర్ల బదులు ఒక 15 అంగుళాలది, ముఖ్యంగా జేబీఎల్ డి-130 వాడిన స్టీల్ వాయిద్యకారులు ఎందరో. కాకపోతే ఓమ్‌లు చూసుకోవాలి. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా కలిస్తే 4 ఓమ్‌లు, ఆంప్ కోరేది అదే. స్పీకర్ లేకుండా వాల్వ్ ఆంప్ ఆన్ చేసి చూడొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఇక లోపలికి వెళ్తే

పాత ఆంప్‌లో ముందుగా మార్చాల్సినవి పవర్ సప్లై ఫిల్టర్ కండెన్సర్లు. అవి ఎండిపోతే బాస్ వదులవుతుంది, హమ్ పెరుగుతుంది. మన దగ్గర ఆ హమ్ 100 హెర్ట్జ్, అది మంద్రస్థాయిలోని జీ స్వరానికి కాస్త పైన పడుతుంది. రాగం వాయించేవాళ్లకు అపశ్రుతి తంబూరాలా వినిపిస్తుంది.

ఆ తర్వాతే స్వరాన్ని మార్చే చిన్న భాగాలు. ట్విన్‌లో తొలి వాల్వ్ క్యాథోడ్ దగ్గర 25 మైక్రోఫారడ్‌ల కండెన్సర్ ఉంటుంది. దాని బదులు 4.7 వేస్తే సుమారు 45 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గుతుంది. పెడల్ స్టీల్ ఈ9 శ్రుతిలో అతి కింది తీగ 123 హెర్ట్జ్ కాబట్టి సంగీతం ఏమీ పోదు, గుభగుభ పోతుంది. మిడ్ విషయంలో ఆలోచించి చేయాలి. పీవీ నాష్‌విల్ 400 లాంటి ఆంప్‌లో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర తగ్గించాలో ఎంచుకునే నాబ్ ఉంది, చాలామంది దాన్ని 800 హెర్ట్జ్ దగ్గర పెట్టి తగ్గిస్తారు. నాబ్‌తో అయ్యే పనికి సోల్డరింగ్ ఐరన్ ఎందుకు?

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ట్విన్ లోపల 450 వోల్టుల పైనే ఉంటాయి, ప్లగ్ పీకేశాక కూడా కండెన్సర్లలో మిగిలి ఉండొచ్చు. రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌తో సున్నా చూశాకే వేలు పెట్టాలి. అది తెలియకపోతే వాల్వ్ రేడియోలు చూసిన పాత మెకానిక్ చేతికివ్వండి, అలాంటివాళ్లు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఇంకా ఒకరిద్దరున్నారు.

ఒకసారికి ఒక్క భాగమే మార్చి, రెండు మూడు రోజులు వాయించి చూడండి. తీసేసిన పాత భాగాలను పారేయకుండా ఒక కవర్లో వేసి ఆంప్‌తోనే ఉంచండి. అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది వాటినే.